బొడ్డులో ఉప్పు

నేను నీళ్ళు అమ్ముతాను. అమరచింతలో నన్ను నీళ్ళ సేటు అంటారు. రాఘవేందర్ అన్న పేరు ఆధార్ కార్డు మీద తప్ప ఎవరి నోటా రాదు. అంతకుముందు పల్లీల వ్యాపారం చేసేవాడిని. అందులో సంచిలో చెయ్యి పెట్టి తీసిన గుప్పెడును చూసి సంచి మొత్తానికి ధర కట్టొచ్చు. నీళ్ళకు అట్లాంటి గుప్పెడు ఉండదు. ఏ క్యాను చూసినా ఒకటే తెలుపు. మరి కొనేవాడు దేన్ని చూసి నమ్మాలి? అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున మా నీళ్ళ ఫిల్టరు ప్లాంటు షట్టరు ఎత్తగానే, క్యాన్ల కోసం నిలబడ్డ వాళ్ళందరి ముందు, మొదటి క్యాను నుంచి స్టీలు గ్లాసులోకి నీళ్ళు వంచుకుని నేనే తాగుతాను. బోర్డు మీద రంగు వెలిసిపోయినా నాకు చింత లేదు. ఆ గ్లాసే నా బోర్డు.

మా దిక్కు నీళ్ళను నాలుకతోనే తూకం వేస్తాం. బోరు నీళ్ళు ఉప్పగా, బరువుగా ఉంటాయి. పళ్ళు పసుపెక్కేదీ, మోకాళ్ళు పట్టేసేదీ వాటితోనే అని బడిపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి ఉప్పు నీళ్ళు చెడ్డవి, తియ్య నీళ్ళు మంచివి. ఇంతకు మించిన పరీక్ష మాకు లేదు. తియ్యటి నీళ్ళలో చెడు ఉంటుందంటే నవ్వుతాం.

మొన్న శ్రావణంలో, పెండ్లిళ్ళు ముసురుకున్న వేళ, ప్లాంటులో ఫిల్టరు మూసుకుపోయింది. హైదరాబాదు నుంచి రావాల్సిన మెకానిక్కు రేపు, ఎల్లుండి అని ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. క్యాన్లు ఆపితే గిరాకీ అంతా బస్టాండు దగ్గరి ప్లాంటుకు మళ్ళుతుంది. మళ్ళిన గిరాకీని తిరిగి తెచ్చుకోవడం కొత్తగా దుకాణం పెట్టడం కన్నా కష్టం. మా చేన్లో ఒక పాత బావి ఉంది. మా తాత కాలం నుంచీ తియ్య నీళ్ళ బావి అని దానికి పేరు. ఆ నీళ్ళు ట్యాంకరుతో తోడించి, ఇసుక డ్రమ్ములోంచి పోనిచ్చి, క్యాన్లు నింపించాను. రుచి చూస్తే మిషను నీళ్ళకన్నా బాగున్నాయి. కొన్నవాళ్ళు కూడా అదే అన్నారు. బావి పక్కనే ఒర్రె, చిన్న వాగు లాంటిది, ఉంది. ఒర్రె పైన కొత్తగా లేచిన కాలనీ ఉంది. వాన గట్టిగా పడితే ఆ కాలనీ మురికి మోరీలు ఎటు పారుతాయి అన్న లెక్క నేను వేయలేదు. వేయడం రాక కాదు. వేయలేదు, అంతే.

నాకు ఒక్కతే బిడ్డ, ఉమ. చైనాలో డాక్టరు చదువు చదివి వచ్చింది. అక్కడ చదివినవాళ్ళు ఇక్కడ వైద్యం చేయాలంటే ముందు ఒక పరీక్ష గట్టెక్కాలి. ఉమ అది ఇంకా గట్టెక్కలేదు, మళ్ళీ చదువుతోంది. ఊళ్ళో 'చైనా డాక్టరమ్మ' అంటారు. అందులో సగం మర్యాద, సగం వెక్కిరింత. అక్కడ అందరు డాక్టర్లు చదివేదానితోపాటు చైనా వాళ్ళ పాత వైద్యం కూడా ఒక పాఠంగా చెప్పారట. సూదులు గుచ్చడం, ఆకు కాల్చి సెగ పెట్టడం లాంటివి. పెట్టుబడి ఊరికే పడి ఉండటం నాకు నచ్చదు. ఇంటి ముందు గది ఖాళీ చేయించి, 'మోకాళ్ళ నొప్పులకు చైనా సూదులు' అని బోర్డు రాయించాను.

"నాయినా, అది ఒక్క సబ్జెక్టే. మిగిలినవన్నీ ఇక్కడి డాక్టర్లు చదివినవే నేను చదివిన," అంది ఉమ.

"ఆ ఒక్కదాన్నే అమ్ముదాం బిడ్డా. మిగిలిన సరుకు పరీక్ష పాసైనంక తీద్దాం," అన్నాను.

ఆ రోజు పొద్దున కూడా ఎప్పటిలాగే గ్లాసు తాగి గల్లా దగ్గర కూర్చున్నాను. ఎండ ఎక్కకముందే కడుపులో గుడగుడ మొదలైంది. ఒకసారి లేచి పోయి వచ్చాను. రెండోసారి లేవబోయే లోపే అయిపోయింది. నొప్పి లేదు, మెలిక లేదు. తెల్ల పంచె తడిసి, కుర్చీ కింద బియ్యం కడిగిన నీళ్ళలాంటిది పారింది. క్యాన్ల కోసం వచ్చిన ఆడవాళ్ళు ఏదో క్యాను పగిలిందనుకున్నారు. ఒకామె తడవకుండా కాలు పక్కకు జరుపుకుంది. తర్వాత నా మొహం చూసింది.

మా ఆటో నడిపే ఈరన్న అప్పుడే లోపలికి వచ్చాడు. ఏమీ అడగలేదు. భుజం మీది తువ్వాల తీసి నా నడుముకు చుట్టాడు. "సేటుకు కండ్లు తిరిగినయి, జర జరగున్రి అక్కా," అని గట్టిగా అంటూనే పైపు తెచ్చి నేలంతా కడిగేశాడు. నన్ను రెండు చేతులతో ఎత్తి ఆటోలో క్యాన్ల మధ్య కూర్చోబెట్టాడు. దారిలో వాంతి అయింది.

"ఏం గాదు సేటూ, కక్కున్రి. ఇది నా ఆటో, మీ కారు గాదు," అన్నాడు. నన్ను నవ్వించాలని.

ఇంట్లో నా భార్య నర్సమ్మ ఆ పంచె చూసి, "అమ్మో, గత్త..." అని నాలుక కరుచుకుంది. కలరాను మా దిక్కు గత్తర అంటారు. ఇంట్లో ఆ పేరు తీయరు. పేరు పెట్టి పిలిస్తే గడపలోకి వస్తుందని పెద్దవాళ్ళ భయం.

ఉమ నా చేతి మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లేపి వదిలింది. అది లేచినచోటే నిలబడి, మెల్లగా దిగింది.

"లెవ్ నాయినా, ఆత్మకూరు దవాఖానకు పోదాం."

"రాను."

"ఎందుకు రావు?"

దవాఖానకు పోతే పేరు రాసుకుంటారు. ఏం తాగినవు, ఎక్కడ తాగినవు అని అడుగుతారు. నీళ్ళ సేటుకు గత్తర వచ్చిందన్న మాట సాయంత్రానికల్లా కృష్ణా నది దాటి ధరూర్ చేరుతుంది. ఇదంతా బిడ్డకు చెప్పలేదు.

"నిన్ను చైనాకు ఎందుకు తోలిన? ఆ చైనోళ్ళకు ఇది రాలేదా? అందరూ సచ్చిన్రా?"

"శానామంది సచ్చిన్రు నాయినా."

"బతికినోళ్ళు ఎట్ల బతికిన్రో గట్ల చెయ్యి."

ఉమ తల్లిని నీళ్ళు మరిగించమంది. తన గదిలోంచి ఓఆర్ఎస్ పొడి తెచ్చి, చల్లార్చిన నీళ్ళలో కలిపి నా నోటి దగ్గర పెట్టింది. తాగితే మళ్ళీ పోతుందని నేను మొహం తిప్పుకున్నాను. అది మంచం పట్టె మీద కూర్చుంది.

"సరే, బేరం చేద్దాం. నువ్వొక గ్లాసు తాగు, నేనొక మాట చెప్త. చైనోళ్ళ గత్తర సంగతి. తాగకుంటే చెప్ప."

బేరం అంటే నేను కాదనలేనని దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కొంచెం కొంచెంగా గ్లాసు ఖాళీ చేశాను.

"వాళ్ళు దీన్ని హ్వోల్వాన్ అంటరు," అంది ఉమ. "ఉన్నట్టుండి అంతా తారుమారు కావడమని అర్థం. వాళ్ళ లెక్క ఏందంటే, కడుపుల పడ్డదాంట్ల తేటది ఉంటది, మడ్డిది ఉంటది. తేటది పైకి పోయి ఒంటికి బలమియ్యాలె. మడ్డిది కిందికి పోవాలె. రెండూ దారి మరిచి కలిసిపోతే పైనుంచీ పడ్తది, కిందినుంచీ పడ్తది."

"మంచి పల్లీలు, పుచ్చు పల్లీలు ఒకటే సంచిల పోసినట్టు."

"గట్లనే. ఇగో, ఇంకో గ్లాసు."

"ఎందుకు కలుస్తయి మరి?"

"తాగినంక చెప్త."

తాగాను. చలువ, తేమ, వడదెబ్బ, పాసిపోయిన తిండి, వీటిలో ఏది లోపలికి దూరినా కడుపు తన పని మరిచిపోతుందని వాళ్ళు అనుకున్నారట. అందులోనూ రకాలు. "వేడి గత్తర అయితే వాసన, మంట, ఆగని దాహం. దానికి మోకాలి ఎనక నరం గుచ్చి రెండు చుక్కల రక్తం తీసేటోళ్ళు. చల్ల గత్తర అయితే కాళ్ళు చేతులు మంచు లెక్క, కండ్లు గుంటలు, పిక్కలు పట్టేస్తయి. పోయేది బియ్యం కడిగిన నీళ్ళు."

"నాది ఏది?"

"నీ కాళ్ళు నువ్వే ముట్టుకో."

ముట్టుకున్నాను. మా ప్లాంటులో కూలింగ్ క్యాన్లలా ఉన్నాయి.

"ఇంకోటుంది, ఎండు గత్తర. పైకీ రాదు, కిందికీ పోదు, కడుపు మెలిపెట్టి పాణం తీస్తది."

"అది నాకొద్దు," అన్నాను.

నర్సమ్మ ఏడుస్తున్నదల్లా నవ్వింది. "ఏరుకుంటున్నవా ఏందయ్యా, అంగట్ల చీరలు ఏరుకున్నట్టు?"

తర్వాతి గ్లాసుకు మందులు చెప్పింది. చల్ల గత్తరకు శొంఠి, అతిమధురం, ఇంకేవో వేర్లు మరిగించి కషాయం పోసేవాళ్ళట. అందులో ఒక వేరు సరిగ్గా శుద్ధి చేయకపోతే మనిషినే తీసుకుపోతుందట, కాబట్టి దాని మాట ఎత్తొద్దంది. "మనిషి మరీ చల్లబడితే బొడ్డు నిండ ఉప్పు పోసి, దాని మీద ఎండిన ఆకును ఉండ చేసి కాలుస్తరు. వినాయకుడి పత్రిల మాచిపత్రి లేదా, దాని జాతిదే ఆ ఆకు. సెగ ఉప్పులకెళ్ళి దిగి లోపల ఆరిపోతున్న నిప్పును రాజేస్తదంటరు."

"నాకు అదే పెట్టు."

"పెడ్త గానీ, ఒక్కటి విను నాయినా. సెగతో ఒళ్ళు వెచ్చబడ్తది. పోయిన నీళ్ళు సెగతో తిరిగి రావు. మాకు పాఠం చెప్పిన ముసలి సారు కూడ ఒక చేతికి సెలైను ఎక్కినంకనే రెండో చేతికి సూది పెట్టేటోడు. ఇప్పుడు చైనాల ఎవరికి గత్తరొచ్చినా ముందు సెలైనే."

విన్నాను. విని, పక్కన పెట్టాను. నర్సమ్మ రాళ్ళుప్పు దంచి తెచ్చి నా బొడ్డు నిండా పోసింది. ఉమ తన గదిలోంచి చుట్టలా చుట్టిన ఆ ఎండుటాకు తెచ్చి వెలిగించింది. నిప్పు ఎక్కడా ఒంటికి తగలకుండా, తన వేళ్ళు పక్కన పెట్టి వేడి ఎంతుందో చూసుకుంటూ, ఉప్పుకు పైన ఎత్తి పట్టుకుంది. చవితి పూజ అయిపోయాక వాడిన పత్రి వాసన వచ్చింది. కడుపు మీద ఎవరో చెయ్యి వేసినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయిలో ఉండగా అది అడిగింది.

"ఏ నీళ్ళు తాగినవు నాయినా? ప్లాంటువేనా?"

"ప్లాంటువే."

అది అబద్ధం కాదు. క్యాన్లు నింపింది ప్లాంటులోనే. సరుకు అమ్మేటప్పుడు ఇట్లాంటి మాటలు నాకు తడుముకోకుండా వస్తాయి.

మధ్యాహ్నం దాటేసరికి వాంతులు ఆగాయి. చాలాసేపటికి మూత్రం వచ్చింది. ఉమ మొహంలో రంగు కూడా అప్పుడే తిరిగి వచ్చింది. ఇంకో గ్లాసు నింపి స్టూలు మీద పెట్టింది.

"ఇది తాగు. ఇంకో మాట మిగిలింది."

"నాకు చాలు బిడ్డా. తగ్గింది. ఆ మాట నీ దగ్గరనే ఉంచుకో."

అది నన్ను చాలాసేపు చూసింది. గ్లాసు మీద మూత పెట్టి వెళ్ళిపోయింది.

నేను మంచం మీద పడుకుని లెక్క చూసుకున్నాను. అది చెప్పిన కారణాల్లో చలువ ఉంది, తేమ ఉంది, వడ ఉంది. నీళ్ళ క్యాను లేదు. నాకు కావాల్సింది అదే. నేను బతికింది మరిగించిన నీళ్ళతో, ఆ పొడితో. నేను నమ్మింది బొడ్డులో ఉప్పును. ఎందుకంటే ఉప్పును నమ్మితే బావిని తప్పుపట్టాల్సిన పని లేదు.

పొద్దు వాలేటప్పుడు పలకరించడానికి వాకిట్లోకి జనం వచ్చారు. ఈరన్న కూడా వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. నేను మెట్ల మీద కూర్చుని అందరికీ చెప్పాను. "చలువ చేసింది, అంతే. బొడ్డుల ఉప్పు పోసి మాచిపత్రి సెగ పెట్టింది మా ఉమ. ఒక్కపూటల లేచి కూసున్న. దవాఖాన లేదు, సెలైను లేదు." సరుకును పొగిడినట్టే పొగిడాను. ఎట్లా పోయాలి, ఎట్లా కాల్చాలి అని ఈరన్న రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ చెప్పాను. మరిగించిన నీళ్ళ మాట ఒక్కసారి కూడా రాలేదు.

వాళ్ళు వెళ్ళాక ఉమ బయటికి వచ్చింది. "నాయినా, ప్లాంటు బంద్ పెట్టు. నీళ్ళు పరీక్షకు పంపిద్దాం. దవాఖానల నేను చెప్పొస్త."

"పో, చెప్పు. ముందు నిన్నే అడుగుతరు, పరీక్ష పాస్ గాకుండ వైద్యం ఎవరు చేసిన్రని. ఇంక ఆ పరీక్ష రాయనిస్తరా నిన్ను?"

ఈ మాట నేను కోపంలో అనలేదు. తూకం వేసి అన్నాను. రాయి ఎక్కడ పెడితే త్రాసు నా వైపు దిగుతుందో తెలిసి, అక్కడ పెట్టాను. ఉమ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తాను. జనం ఉన్నారు. "మంచిగున్నవా సేటూ?" అన్నారు. మొదటి క్యాను వంచి గ్లాసు నింపాను. నోటిదాకా తెచ్చాను. అక్కడ నా చెయ్యి ఆగింది. స్టీలు గ్లాసులో ఎన్ని నీళ్ళున్నాయో ఎదుటివాళ్ళకు కనబడదు. పెదవులు తడవకుండా ఆనించి, గొంతు ఆడించి, పక్కకు తిరిగి మిగిలినవి పారబోసినట్టు మోరీలో పారబోశాను. జనం క్యాన్లు ఎత్తుకుపోయారు. ఈరన్న ఆటో నింపుకుపోయాడు.

రెండో ట్రిప్పుకు అతను రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. పెండ్లివారి ఇంటి నుంచి క్యాన్లేవని ఒకటే ఫోన్లు. మధ్యాహ్నం నేనే కోపంగా వాళ్ళ గల్లీకి నడిచాను. వాకిట్లో ఆటో నిలబడి ఉంది. సగం క్యాన్లు దించనే లేదు. తిట్టడానికి నోరు తెరిచి లోపలికి పోయాను.

ఈరన్న భార్య చిన్నమ్మ చాప మీద ఉంది. ముందు రోజు ఆమె మా ఇంటికి పాలు తెచ్చింది. ఒక్క పూటలో ఆ మొహం ముసలిదైపోయింది. కండ్లు లోపలికి పోయాయి. నన్ను చూసి కొంగు సర్దుకోబోయింది, చెయ్యి లేవలేదు. కడుపు మీద ఉప్పు చెల్లాచెదరుగా పడి ఉంది. బొడ్డు చుట్టూ తోలు ఎర్రగా కాలి బుడగలు లేచింది.

"మంచిగొచ్చిన్రు సేటూ," అన్నాడు ఈరన్న. "తెల్లారగట్ల మొదలైంది. క్యాన్ల పని ఆగొద్దని మొదటి ట్రిప్పు సగం ఏసొచ్చిన. మీరు చెప్పినట్లే చేసిన. మాచిపత్రి దొరకలే, కర్పూరం పెట్టిన. జర కాలింది, ఓర్సుకున్నది పాపం. అయినా తగ్గుతలేదు."

"దవాఖానకు తీస్కపోవద్దా?"

"మీకు దవాఖాన లేకుండనే తగ్గె గద సేటూ."

"నీళ్ళు? నీళ్ళు తాగిస్తున్నవా?"

"తాగియ్యకుండ ఉంటనా? చక్కెర, ఉప్పు కలిపి పోస్తనే ఉన్న. ఇంట్ల బోరు నీళ్ళు ఒక్క చుక్క ముట్టనియ్యలే. ఉప్పునీళ్ళు, ఇంకా చెడగొడ్తయని." మూలకు చెయ్యి చూపించాడు. "పొద్దుగాల మీరు తాగిన క్యానే అది. అదే కావాలని తెచ్చుకున్న. సేటు తాగిన నీళ్ళు గదా."

మూలలో నా క్యాను. మీద నా ప్లాంటు పేరు. పక్కన గ్లాసు, చెంచా.

నేను బయటికి వచ్చి ఉమకు ఫోన్ చేశాను. "ఈరన్న ఇంటికి రా బిడ్డా," అన్నాను. అది వెంటనే స్కూటీ మీద వచ్చింది. చిన్నమ్మ మణికట్టు పట్టుకుంది, తర్వాత మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. కాలిన చోటు చూసింది. చివరికి నన్ను చూసింది.

"ఆటో తియ్యి ఈరన్నా. క్యాన్లు దించెయ్యి. ఈ క్యాను మాత్రం మూత పెట్టి మనతోని తెచ్చుకుందాం. ఎవరూ తాగొద్దు."

క్యాన్లు నేనే దించాను. ఒకటి దొర్లి గల్లీలోకి పోయింది. ఎదురింటి ముసలామె ఏసమ్మ దాన్ని పట్టుకుని ఆపింది. "సేటూ, ఇది నేను తీస్కపోదునా? ఇంట్ల తియ్యటి నీళ్ళు అయిపోయినయి."

"వద్దు," అన్నాను.

"ఎందుకొద్దు? పైసలు రేపిస్త తియ్యి."

ఎందుకు వద్దో చెప్పలేదు. ఆమె చేతిలోంచి క్యాను లాక్కుని మోరీలో వంపాను. ఆమె నన్ను పిసినారి అనుకుని ఉంటుంది.

ఆత్మకూరు దవాఖానలో చిన్నమ్మకు రెండు చేతులకూ సెలైను పెట్టారు. డ్యూటీలో ఉన్న డాక్టరు మేడం ఉమ కన్నా ఏమంత పెద్దది కాదు. దుప్పటి తీసి కడుపు చూసి, "ఈ కాలిన గాయమేంది? ఎవరు చేసిన్రు?" అని అడిగింది.

"చైనా వైద్యం మేడం," అన్నాడు ఈరన్న. "మా సేటుకు దీంతోనే తగ్గింది. వీళ్ళ డాక్టరమ్మ చేసింది."

మేడం ఉమ వైపు తిరిగింది. "మీరు డాక్టరా?"

"కాదు మేడం. చైనాల చదివిన. పరీక్ష ఇంకా పాస్ గాలే. మా నాయినకు ఇంట్ల సెగ పెట్టింది నేనే. అది విని వీళ్ళు చేసుకున్నరు. తప్పు నాది."

మేడం మొహం గట్టిబడింది. అయినా ముందు అడగాల్సింది అడిగింది. "ఈమె ఏ నీళ్ళు తాగుతది?"

నేను నోరు తెరిచేలోపే ఈరన్న అందుకున్నాడు. "నీళ్ళ సంగతే లేదు మేడం! మా సేటు ప్లాంటువి. రోజు అందరి ముందు మొదాలు తనే తాగుతడు. ఇయ్యాల పొద్దుగాల గూడ తాగిండు. నా కండ్లతోని చూసిన."

అందరూ నా వైపు చూశారు. నేను కిందికి చూశాను. ఇంతలో నర్సు పిలిస్తే మేడం లోపలికి వెళ్ళింది. వరండాలో బల్ల మీద నేనూ ఉమా మిగిలాం. అది నాకు కొంచెం దూరంగా కూర్చుంది.

"బిడ్డా, ఆ మిగిలిన మాట ఏంది?"

"ఇప్పుడెందుకు? ఆ గ్లాసు నువ్వు తాగలే గద."

"చెప్పు."

ఉమ గోడకే చెబుతున్నట్టు చెప్పింది. "ఎనుకట వాళ్ళ ఓడరేవు పట్నంల గత్తర పడి జనం శానామంది పోయిన్రు. అప్పుడొక వైద్యుడు గత్తర మీదనే పుస్తకం రాసిండు. చల్లది, వేడిది, ఉప్పు, సెగ, అన్నీ తెలిసినోడే. ఆయన పుస్తకంల మందులొక్కటే లేవు నాయినా. కాలువల మురికి తియ్యమన్నడు. బావులు శుభ్రం చెయ్యమన్నడు. తాగే నీళ్ళల్ల పటిక ఎయ్యమన్నడు. కంటికి కనబడని రోగం పురుగుల సంగతి ఆయనకు తెల్వదు. అయినా బావి దిక్కు చూసిండు."

ఉమ నా వైపు తిరిగింది.

"నువ్వు ఆ గ్లాసు వద్దంటవని తెలిస్తే, మొదటి గ్లాసుకే ఆ మాట చెప్తుంటి," అంది.

లేచి లోపలికి పోయాను. చిన్నమ్మ మంచం పక్కన ఈరన్న సెలైను చుక్కలను చూస్తూ నిలబడి ఉన్నాడు. మేడం ఏదో రాసుకుంటోంది.

"మేడం, అవి మిషను నీళ్ళు కావు. ఫిల్టరు చెడిపోయింది. మా చేను బావి నీళ్ళు నింపిన. బావి పక్కన ఒర్రె ఉంది, మోరీలు దాంట్లకే వస్తయి. నిన్న నాకూ ఇదే రోగం. సెగతోని కాదు, మా బిడ్డ మరిగించిన నీళ్ళు తాగిస్తే బతికిన. దవాఖానల చెప్తనంటే ఆమె నోరు మూసింది నేనే. ఊళ్ళె ఉప్పు సంగతి చాటింపు ఏసింది కూడ నేనే." ఊపిరి తీసుకుని, ఈరన్న వైపు తిరిగాను. "ఇయ్యాల పొద్దున నేను తాగలే ఈరన్నా. తాగినట్టు చేసిన."

"ఏంది సేటూ?"

మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది.

అతను అరుస్తాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను, కొడితే లెక్క కొంత తేలికవుతుందని ఆశ. అతను చిన్నమ్మ కాళ్ళ మీద దుప్పటి సర్దాడు.

"నిన్న కుర్చీ కాడ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలే సేటూ," అన్నాడు మెల్లగా. "మీ పరువు పోతదని. ఈమెకు గూడ చెప్పలే."

చెప్పి ఉంటే ఆమె ఆ నీళ్ళు తాగేది కాదు. అతను ఆ మాట అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

మేడం ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. తర్వాత ఉమను పిలిచి, "పరీక్ష పాసయ్యేదాక ఇంక ఎవరికీ సూది, సెగ అని చెయ్యి పెట్టకు. ఇప్పుడైతే ఈ మంచం కాడ కూసో. ఎంత పోతుంది, ఎంత ఎక్కింది, రాసి నాకు చూపిస్తుండు," అంది. ఉమ వెంటనే కూర్చుంది. దాని చదువును దానికి తగ్గ చోట నేను చూడటం అదే మొదలు. అది కూడా నేను పెట్టిన చోటు కాదు.

ప్లాంటుకు తాళం పడింది. మా క్యాన్ల నీళ్ళు తాగొద్దని మైకులో చెప్పడానికి మున్సిపాలిటీ వాళ్ళ ఆటోలో నేనే కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు. నా గొంతుతో చెబితేనే నమ్ముతారని నాకు తెలుసు. నమ్మించడం నా పనే కదా. ఇంకా కొన్ని ఇళ్ళలో జనం మంచాన పడ్డారు. ఎవరి పాణమూ పోలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. సగం నీళ్ళున్న క్యాన్లు తెచ్చి మా ఇంటి ముందు వరసగా పెట్టిపోయారు. తిట్టిన వాళ్ళ ముందు నిలబడగలిగాను. ఏసమ్మ మాత్రం ఖాళీ బిందెతో పోతూ ఆగి, "నీళ్ళు తియ్యగ ఉండె సేటూ," అంది బాధగా. ఆమె ముందు నిలబడలేకపోయాను.

ముందు గది బోర్డు ఉమే విప్పేసింది. నాతో మాట్లాడుతుంది, అన్నం తిన్నవా అని అడుగుతుంది. బేరాలు మాత్రం ఆడదు.

చిన్నమ్మ ఇంటికి వచ్చిందని తెలిసి, ఈరన్న తువ్వాల ఉతికించి, ఇస్త్రీ చేయించి పట్టుకుపోయాను. ఇంకేం పట్టుకుపోయినా ధర కట్టినట్టు ఉంటుంది. ఈరన్న ఇప్పుడు బస్టాండు దగ్గరి ప్లాంటుకు ఆటో తోలుతున్నాడు. తువ్వాల తీసుకుని, చూడకుండానే తలుపు పక్కన పెట్టాడు. కూర్చోమన్నాడు.

ఇంటికి వచ్చిన మనిషికి నీళ్ళియ్యకుండా మా దిక్కు ఎవరూ ఉండరు. చిన్నమ్మ గోడ పట్టుకుంటూ లోపలికి పోయి గ్లాసుతో వచ్చింది. నా ముందు ఆగి, అందులోంచి అరచేతిలోకి కొంచెం వంపుకుని, ముందు తాను తాగింది. ఎత్తిపొడుపు కాదు. నాకు భయం ఉంటుందేమో అని.

"బోరు నీళ్ళే సేటూ. జర ఉప్పుంటయి. కాగబెట్టిన, ఏం గాదు. తాగున్రి."

తాగాను. ఉప్పగానే ఉన్నాయి. చివరి చుక్క దాకా తాగాను. అది కూడా స్టీలు గ్లాసే. ఖాళీ అయిందని కనబడేటట్టు దాన్ని వాళ్ళ వైపు వంచి పట్టుకున్నాను. చూపించమని వాళ్ళు అడగలేదు.